కుళాయి కొంచెం తెరిచి ఉంచమనేది ఎందుకు?

చలి బాగా ముదిరిన రాత్రి కుళాయిని కొంచెం తెరిచి ఉంచితే పైపు పగలదంటారు. ఎందుకని అడిగితే "పారే నీరు గడ్డకట్టదు కదా" అంటారు. నదులే గడ్డకడుతున్నాయి, పైపులో చుక్కచుక్కగా కదిలే నీరెంత? సలహా మంచిదే, చెప్పే కారణమే సరైనది కాదు.

నీరు మంచుగా మారితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. బడిలో దీన్ని చూపించడానికి నిండా నీళ్ళు పోసి మూత బిగించిన సీసాను ఫ్రీజర్‌లో పెడతారు. సీసా పగులుతుంది. దాంతో పైపులో కూడా మంచు కట్టిన చోటే గోడ పగులుతుందన్న అభిప్రాయం పిల్లల మనసులో పాతుకుపోతుంది. కానీ సీసాలో నీటికి పోయే దారి లేదు. పైపులో ఉంది. గోడను పట్టుకుని మంచు లోపలికి పెరుగుతుంటే నీరు పైపు వెంట పక్కకు జరుగుతుంది.

నిలిచిన నీరు సున్నా డిగ్రీల దగ్గరే గడ్డకట్టదు. ఇంకో నాలుగైదు డిగ్రీలు దిగినా ద్రవంగానే ఉండి, ఉన్నట్టుండి సూదుల్లాంటి మంచు పలుకులు పైపు నిండా అల్లుకుంటాయి. మైనస్ 4 దగ్గర ఇది జరిగితే 5 శాతం నీరే గడ్డకడుతుంది, మిగతాది సున్నాకి వెచ్చబడుతుంది. ఆ 5 శాతం అల్లికే ధారను ఆపగలదు. ఆ తర్వాత గట్టి బిరడా తయారవుతుంది.

ప్రమాదం అక్కడి నుంచి మొదలు. బిరడా పైపు పొడవునా పెరుగుతూ పోతుంది. సరఫరా వైపు నీరు వెనక్కి పోగలదు. రెండో వైపు మూసిన కుళాయి ఉంది. మూతి మూసిన సిరంజిలో పిస్టన్‌ను నొక్కినట్టే. బిరడాకీ కుళాయికీ మధ్య 15 మిల్లీమీటర్ల రాగి పైపు 3 మీటర్లు ఉందనుకుందాం. అందులో దాదాపు 440 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. నీటిని ఒక్క శాతం కుదించడానికి సుమారు 220 బార్ల పీడనం కావాలి (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). ఇక్కడ ఒక్క శాతమంటే 4.4 మిల్లీలీటర్లు. బిరడా ఇంకో 33 సెంటీమీటర్లు, అంటే మూరెడు కూడా కాదు, పెరిగితే చాలు, అంత చోటును అది ఆక్రమిస్తుంది. పైపు కాస్త సాగుతుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం మంచు కావాలి. ఇళ్ళలో మామూలు పీడనం 3 నుంచి 5 బార్లు. మైనస్ 5 దగ్గర మంచు 600 బార్ల దాకా నెట్టగలదు. పిస్టన్ ఆగదు, పైపే ఓడిపోతుంది.

అందుకే పగులు మంచు లేని చోట, వెచ్చని గదిలోని జాయింటు దగ్గర కూడా కనిపిస్తుంది. బిరడా అడ్డుగా ఉన్నంతసేపూ పెద్దగా కారదు. కరిగాకే ఇల్లు మునుగుతుంది.

కుళాయి తెరిస్తే సిరంజి మూతి తెరిచినట్టు. చుక్కచుక్కగా కారినా పీడనం పెరగదు, పైపు గడ్డకట్టినా బతుకుతుంది. తెరవాల్సింది చల్లని గోడ గుండా వచ్చే పైపు చివర ఉన్న కుళాయిని. వేడినీటినీ చల్లనీటినీ కలిపే, ఒకే పిడి ఉన్న మిక్సర్ కుళాయి అయితే పిడిని మధ్యలో పెట్టాలి, లేకపోతే వేడినీటి పైపు మూసుకునే ఉంటుంది. నీటి మీటరు దగ్గర నాన్-రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి పోనివ్వనిది) ఉంటే సరఫరా వైపూ నీరు ఇరుక్కుంటుంది, కాబట్టి వాల్వ్‌కీ చల్లని చోటుకీ మధ్య ఉన్న కుళాయి కూడా తెరవాలి.

అసలు గడ్డకట్టకూడదంటే వేడి కావాలి. 8 డిగ్రీల నీరు గంటకు 10 లీటర్లు, అంటే నిమిషానికి చిన్న గ్లాసుడు, పారితే 90 వాట్లకు పైగా వేడిని మోసుకొస్తుంది. మైనస్ 10 డిగ్రీల నిశ్చలమైన గాలిలో 10 మీటర్ల ఒట్టి (తొడుగు లేని) పైపు కోల్పోయేది సుమారు 65 వాట్లు. అంటే సన్నటి ధారైతే సరిపోతుంది, చుక్కలు సరిపోవు.

ఫోమ్ తొడుగు వేడిని పుట్టించదు, ఆలస్యం చేస్తుందంతే. అదే చలిలో 8 డిగ్రీల నీరు సున్నాకు దిగడానికి ఒట్టి పైపులో 12 నిమిషాలు, 13 మిల్లీమీటర్ల ఫోమ్‌తో అరగంట. కానీ పూర్తిగా గడ్డకట్టడానికి ఒట్టి పైపులో సుమారు 3 గంటలు పడితే ఫోమ్‌తో 7 గంటలు పడుతుంది. ఒక్క రాత్రికి అది చాలు, వారం చలికి చాలదు. గాలి తగిలితే ఈ లెక్కలన్నీ తారుమారు. అందుకే కేబుళ్ళు దూరే కంతలను ముందు మూయాలి. అటకమీది పైపులకు ఇన్సులేషన్ పైన పరచాలి, కింద పరిస్తే గది వెచ్చదనం పైపుకు అందదు. తోట కుళాయికి గొట్టం తగిలించి వదిలేయకూడదు.

ఇప్పటికే గడ్డకట్టి ఉంటే ముందు మెయిన్ వాల్వ్ కట్టేయాలి. కుళాయి తెరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచి బిరడా వైపు వెచ్చబెడుతూ వెళ్ళాలి. అప్పుడు కరిగిన నీటికి బయటికి దారి ఉంటుంది. మంట వాడితే రెండు బిరడాల మధ్య ఆవిరి పుట్టి పైపు పేలవచ్చు, గోడ అంటుకోవచ్చు. అంతా కరిగాక మెయిన్ వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పుతూ, ఒక్కో జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి తడి తగులుతుందేమో చూడాలి.