యాప్‌కి పేటెంట్ లేకపోతే కొట్టేస్తారా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో రైసు మిల్లులకీ ఫీడ్ డీలర్లకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే పని నాది. నెలకి ఒకరన్నా వచ్చి ఇదే అడుగుతారు, "అన్నా, యాప్ చేశా, ముందు పేటెంట్ తీసుకోకపోతే ఎవడో ఒకడు కొట్టేస్తాడు కదా" అని.

మొన్న ఇందుకూరుపేట వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల నాయనవి మూడు రొయ్యల గుంటలు, చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో కొడితే తర్వాత పూట ఎంత వెయ్యాలో చెప్పే యాప్ రాశాడు, కానీ స్క్రీన్ నాక్కూడా చూపించడు, ఫోన్ తన వైపే తిప్పుకుని మాట్లాడతాడు, రెండేళ్లుగా అట్టానే దాచుకున్నాడంట. ఎవరో కన్సల్టెంటు 35 వేలు తీసుకుని "పేటెంట్ వచ్చేసింది" అని ఇచ్చిన కాయితాన్ని లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. చూస్తే అది ప్రొవిజనల్ అప్లికేషన్ (పేటెంట్ కోసం ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు) రసీదు! 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం, వెయ్యకపోతే అది పోయినట్టే, పోయి ఏడాదవుతోంది. ఆ మాట చెప్పేముందు టీ తెప్పించా.

అసలు సంగతి వినండి. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం వట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్, అల్గారిథమ్ (లెక్క చేసే పద్ధతి), బిజినెస్ మెథడ్ (వ్యాపారం చేసే పద్ధతి) ఇవేవీ ఇన్వెన్షన్ కిందకే రావు. 2004లో ఆర్డినెన్స్ తెచ్చి దీనికి సందు చెయ్యబోయారు, 2005లో పార్లమెంటు ఆ ముక్క తీసేసింది. టెక్నికల్ ఎఫెక్ట్, అంటే వట్టి లెక్క కాకుండా సాంకేతికంగా ఒక ఫలితం, చూపిస్తే కొన్నిటికి ఇస్తున్నారు, నిజమే, మేత లెక్క అందులోకి రావడం కష్టం.

మరి కోడ్ కాపీ కొడితే? కాపీరైట్ ఉంది కదా, రాసినప్పటి నుంచే వస్తుంది, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. చట్టం లెక్కలో కోడ్ సాహిత్యం కిందకే వస్తుంది (మా ఆవిడకి చెప్తే నవ్వింది, నువ్వు రచయితవా అని). ఐడియాకి మాత్రం రక్షణ ఉండదు, ఉండకపోవడమే మనకి మంచిది. అమెరికాలో ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి 1999లో అమెజాన్‌కి పేటెంట్ ఇచ్చారు, 2017 దాకా నడిచింది. ఇక్కడా అట్టా ఉంటే నాలాంటోడు బటన్ బటన్‌కీ లాయర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఈ దొంగల భయం సగం సినిమాల పుణ్యమే. సైన్స్ ఫిక్షన్ అంటారు, లోకాన్ని కాపాడే ఫార్ములా ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, అంత పెద్ద సైంటిస్టుకి బ్యాకప్ తెలీదు, గాలే లేని అంతరిక్షంలో ఢామ్మని పేలుడు. నా కోడ్ మొత్తం ఉన్న పెన్‌డ్రైవ్ కోవూరు దగ్గర ఒక మిల్లులో మర్చిపోతే ఏడాది డ్రాయర్‌లోనే పడుంది, ఏ విలనూ రాలేదు, చివరికి ఓనరు కొడుకు అందులో పాటలెక్కించుకున్నాడు.

అమెరికా పేటెంట్‌తో ఇక్కడ కేసేస్తారా అంటే, ఏ దేశం పేటెంట్ ఆ దేశానికే, అక్కడ అమ్మితే అప్పుడు చూసుకో. ఓపెన్ సోర్స్ (అందరూ వాడుకోమని బయటపెట్టిన కోడ్) వాడితే జైలంట, ఇదొకటి. లైసెన్స్ చదవండి సామీ.

కుర్రాడు రెండో టీకి ఫోన్ నా వైపు తిప్పాడు. ట్రేలో మేత సున్నా అని కొడితే తర్వాత పూటకి మైనస్ 4 కేజీలు వెయ్యమంటోంది. సరిచెయ్యడానికి పావుగంట పట్టింది.