ప్రపంచ సంగతులు మన పిల్లలకు పట్టవా? పాలమూరు క్లాస్‌రూం నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. అంతర్జాతీయ సంబంధాల పేపర్ నాదే. ఆ సంగతి తెలియగానే చాలామంది అనే మాట ఒకటుంది: "ఇప్పటి పిల్లలకు ఫోన్ తప్ప ఏం పడుతుంది మేడం? ఉక్రెయిన్ ఎక్కడుందో కూడా తెలియదు." తల్లిదండ్రులు అంటారు, తోటి లెక్చరర్లు అంటారు, బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్లూ అంటారు. విన్న ప్రతిసారీ బాధేస్తుంది. రోజూ ఆ పిల్లల ముందు నిలబడేదాన్ని కాబట్టి, నాకు కనిపిస్తున్నది చెప్పాలనిపించింది.

అపోహ: ఎక్కడో జరిగే యుద్ధంతో మన ఊరి పిల్లలకు పనేంటి?

వాస్తవం: నారాయణపేట జిల్లా యువకుడి సంగతి గుర్తు చేసుకోండి. హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం అని నమ్మించి ఏజెంట్లు రష్యాకు పంపారు. తీరా అక్కడికి వెళ్లాక ఉక్రెయిన్ యుద్ధంలోకి నెట్టారు. 2024 సెప్టెంబర్‌లో ప్రాణాలతో ఇంటికి చేరాడు. అదే మోసంలో చిక్కిన హైదరాబాద్ యువకుడు మాత్రం అదే ఏడాది అక్కడే చనిపోయాడు. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో మా క్లాసులో అందరూ మాట్లాడారు. "ఏజెంట్‌ను ఎట్ల నమ్మాలె, ఎట్ల నమ్మొద్దు?" అని మొదలైన చర్చ, రష్యాకు బయటి దేశాల మనుషులు ఎందుకు అవసరమయ్యారు అనేదాకా పోయింది. పాలమూరు లేబర్ అంటూ ముంబై, పుణె దాకా పోయి పని చేసిన కుటుంబాల పిల్లలు వీళ్లు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనిషిని ఎలా కట్టేసుకుంటాడో ఇంట్లో విని పెరిగారు. ఆ అనుభవంతోనే రష్యా సంగతిని అర్థం చేసుకున్నారు. నేను విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ యూరియా. 2025 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో సహకార సంఘాల ముందు రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి ఎదురుచూశారు. మా విద్యార్థుల్లో కొందరు తెల్లవారుజామున ఆ లైన్లలో నిలబడి, తర్వాత కాలేజీకి వచ్చేవాళ్లు. "మేడం, యూరియా ఎందుకు దొరుకుతలేదు?" అని అడిగితే ఆ రోజు పాఠం పక్కనపెట్టి దాని మీదే మాట్లాడుకున్నాం. యూరియా తయారీకి సహజవాయువు కావాలి. మన దేశం దిగుమతి చేసుకునే ఎల్‌ఎన్‌జీలో (ద్రవరూపంలోకి మార్చిన సహజవాయువు) పెద్ద వాటా ఖతార్ నుంచి, ఇరాన్ పక్కనున్న ఇరుకు సముద్ర మార్గం హొర్ముజ్ జలసంధి మీదుగా వస్తుంది. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ - ఇరాన్ యుద్ధం మొదలవగానే ఇజ్రాయెల్ తన గ్యాస్ క్షేత్రాల్లో రెండింటిని ఆపేసింది. ఆ గ్యాస్ మీద ఆధారపడిన ఈజిప్టు ఎరువుల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. ఇరాన్‌లోనూ ఉత్పత్తి దెబ్బతింది. అంతర్జాతీయ మార్కెట్లో యూరియా ధర ఎగబాకింది. అంతకుముందు నుంచే చైనా ఎగుమతులను బిగించింది. ఇవి చాలవన్నట్టు మన రామగుండం ప్లాంటు కూడా ఆగింది. కాబట్టి అంతా యుద్ధం వల్లే అంటే తప్పు, యుద్ధానికి సంబంధమే లేదన్నా తప్పే. ఈ లెక్క బోర్డు మీద రాస్తుంటే ఎప్పుడూ వెనక బెంచీలో నిద్రపోయే అబ్బాయి లేచి, "మరి పొటాష్ సంగతేంది మేడం?" అన్నాడు. పొటాష్ దాదాపు మొత్తం దిగుమతే. రష్యా, బెలారస్, కెనడా లాంటి దేశాల నుంచి రావాలి. ఒక దేశంతో వ్యాపారం మీద ఇతర దేశాలు పెట్టే ఆంక్షలు అనే మాట అర్థం కావడానికి ఆ ఒక్క ప్రశ్న సరిపోయింది.

అపోహ: మ్యాపులో దేశాన్ని చూపించలేకపోతే వాళ్లకు ఏమీ పట్టనట్టే.

వాస్తవం: మ్యాపు చూడటం రాకపోవడం చదువులో లోపం. దాన్ని సరిదిద్దడానికి ఒక్క వారం చాలు. ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన హౌతీ తిరుగుబాటుదారుల దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వస్తోందని చెప్పినప్పుడు, మ్యాపు తెలియని పిల్లలే ముందు అట్లాస్ అడిగారు. అడిగే కారణం దొరికింది కాబట్టి అడిగారు.

అపోహ: అమెరికా వీసా తప్ప ఇంకో దేశం సంగతి వీళ్లకు అక్కర్లేదు.

వాస్తవం: వీసా టెన్షన్ నిజమే. నల్గొండ, మిర్యాలగూడ వైపు ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్న ఇళ్లలో అమెరికా వార్తలు ఎంత శ్రద్ధగా చూస్తారో నాకు తెలుసు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు బంధువులందరి ఫోన్లూ మోగాయి.

కానీ మా పిల్లలు అమెరికా కంటే లోతుగా మాట్లాడింది బంగ్లాదేశ్ గురించి. 2024లో అక్కడ విద్యార్థులు ప్రభుత్వ ఉద్యోగాల కోటా మీద రోడ్డెక్కారు. 1971 విముక్తి యోధుల వారసులకు ఉన్న 30 శాతం కోటాను హైకోర్టు పునరుద్ధరించడంతో మొదలైన గొడవ అది. జూలై 21న సుప్రీంకోర్టు దాన్ని 5 శాతానికి తగ్గించింది. అప్పటికే చాలామంది చనిపోయారు. ఉద్యమం అక్కడితో ఆగలేదు, ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం వదిలి వెళ్లారు. సరిగ్గా అదే జూలైలో ఇక్కడ గ్రూప్-2 వాయిదా కోసం, పోస్టులు పెంచాలని హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో మన నిరుద్యోగులు రోడ్డు మీదున్నారు. మా పూర్వ విద్యార్థులూ అందులో ఉన్నారు. ఢాకా విద్యార్థి ఏం కోరుకుంటున్నాడో వాళ్లకు వెంటనే అర్థమైంది. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు కదా. 2025 సెప్టెంబర్‌లో నేపాల్ యువత సోషల్ మీడియా నిషేధం మీద తిరగబడి, రెండు రోజుల్లో ప్రధాని ఓలీ రాజీనామా చేసినప్పుడూ అంతే. "నిషేధం ఒక్కటే కారణమా?" అని పిల్లలే అడిగారు. అవినీతి, నిరుద్యోగం, నాయకుల పిల్లల జల్సాలు, ఇవన్నీ తవ్వి తీశారు. పెద్దలు పక్క దేశాల వార్తను ఒక్క నిమిషం చూసి చానల్ మార్చిన రోజుల్లో.

అపోహ: ఆడపిల్లలకు యుద్ధాలు, విదేశాంగం బోర్.

వాస్తవం: నా అనుభవంలో గట్టి ప్రశ్నలు ఎక్కువగా అమ్మాయిల నుంచే వస్తాయి. అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్లు 2021 సెప్టెంబర్‌లో బడులు తెరిచినప్పుడు ఆరో తరగతి దాటిన ఆడపిల్లలను రానివ్వలేదు. 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీల తలుపులూ మూశారు. ఈ పాఠం చెప్పిన రోజు క్లాసంతా నిశ్శబ్దం. ఇంటర్ కాగానే పెళ్లి సంబంధాలు చూస్తామంటే ఇంట్లో కొట్లాడి డిగ్రీలో చేరిన అమ్మాయిలు వాళ్లు. కొట్లాడటానికి కూడా వీల్లేకుండా ప్రభుత్వమే అడ్డుపడితే ఏం చేయాలి అన్నది వాళ్లకు పరీక్షలో వచ్చే ప్రశ్నలా అనిపించలేదు. ఒకమ్మాయి అడిగింది: "మేడం, అలాంటి ప్రభుత్వంతో మన దేశం మాట్లాడొచ్చా?" దౌత్యం అంటే ఏమిటో ఇంతకంటే మంచి ప్రశ్నతో మొదలుపెట్టలేం. గంటసేపు వాదించుకున్నారు. మాట్లాడకపోతే అక్కడి ఆడపిల్లలకు సాయం ఎలా అందుతుందని కొందరు, మాట్లాడితే ఒప్పుకున్నట్టే కదా అని కొందరు. నేను మధ్యలో కల్పించుకోలేదు.

అపోహ: స్టేటస్ పెట్టినవాళ్లకే పట్టింపు ఉంది, పెట్టనివాళ్లకు లేదు.

వాస్తవం: ఈ కొలత రెండు వైపులా తప్పే. 2024 మేలో గాజాలోని రఫా నగరం గురించి ఏఐతో చేసిన ఒక బొమ్మను ఇన్‌స్టాగ్రామ్‌లో కోట్లమంది షేర్ చేశారు. మా పిల్లలూ పెట్టారు. వాళ్లలో కొందరు గాజా గురించి చదువుతూనే ఉన్నారు, కొందరు మర్చిపోయారు. ఇక ఏమీ పెట్టనివాళ్ల సంగతి. 2025 మే చివర్లో అమెరికా స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల కొత్త స్లాట్లు ఆపేసింది. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలని షరతు పెట్టింది. అప్పటినుంచి ఎమ్మెస్‌కు వెళ్లాలనుకునే పిల్లలు పాత పోస్టులు కూడా తీసేస్తున్నారు. వాళ్లది భయం. ఆ భయాన్ని చూసి పట్టింపు లేదనడం అన్యాయం.

రీల్స్‌లో అబద్ధాలు ఎక్కువన్నది మాత్రం ఒప్పుకుంటాను. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు నిజమైన దాడులంటూ తిరిగాయి. వాటిని ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసింది ఎక్కువగా పెద్దవాళ్లు. "ఇది గేమ్ బాబాయ్" అని చెప్పింది గేమ్ ఆడే పిల్లలు.

అపోహ: గ్రూప్స్ మార్కుల కోసమే చదువుతారు, నిజమైన ఆసక్తి కాదు.

వాస్తవం: సిలబస్‌లో అంతర్జాతీయ సంబంధాలు ఉన్నాయి కాబట్టి చదవడం మొదలుపెడతారు, నిజం. మొదలుపెట్టిన కారణం ఏదైతే ఏం? ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి గురించి బిట్ల కోసం చదువుతున్న పిల్లలకు ఒక సంగతి చెప్పాను. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది, సెప్టెంబర్ 16న అక్కడ చర్చ జరిగింది, మర్నాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు, 18న హైదరాబాద్ సైన్యం లొంగిపోయింది. నల్గొండ పల్లెల్లో రైతులు సాయుధంగా పోరాడుతున్న కాలం అది. మన ప్రాంతమే ఒకప్పుడు ప్రపంచం చర్చించిన సమస్య అని తెలిశాక, వీటో గురించి వాళ్లు అడిగిన ప్రశ్నలు ఏ బిట్ బ్యాంకులోనూ లేవు.

ఆ ప్రశ్నలకు జవాబులు ఎక్కడ చదవమని చెప్పాలన్నదే నా అసలు ఇబ్బంది. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ భాగం ప్రచ్ఛన్న యుద్ధం, అలీనోద్యమం. కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లలో తేదీలు, శిఖరాగ్ర సమావేశాల పేర్లు. లోతైన విశ్లేషణంతా ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు ఆ ఇంగ్లిష్ దాటలేక యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ ఎర్రగా ఉన్న వీడియో చూస్తాడు. దాన్నిబట్టి వాడికి ఆసక్తి లేదని మనం తీర్పు చెబుతాం.

పత్రికల్లో పనిచేసేవాళ్లు, విదేశాల్లో చదువుకున్న మన జిల్లాలవాళ్లు ఇది చదువుతుంటే ఒక విన్నపం. ఒక్కో యుద్ధం గురించి తెలుగులో రెండు పేజీలు రాయండి. ఎప్పుడు, ఎందుకు మొదలైంది, ఎవరికేం కావాలి, మన పత్తికి, ఎరువుకి, నూనెకి, అక్కడున్న మనవాళ్లకి దానితో ఏం సంబంధం, ఇంతే. ఫొటోలు అక్కర్లేదు. ప్రింటు తీసి క్లాసులో పంచే పని నాది.