పదివేల అడుగుల లెక్క ఎక్కడిది? వాచీ కొలిచేవి, వాచీకి అందనివి

రోజుకు పదివేల అడుగులు నడవాలన్న లక్ష్యానికి అరవై ఏళ్ల వయసు. అది పుట్టింది జపాన్‌లో, ఒక పరికరాన్ని అమ్మే క్రమంలో. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత అక్కడి జనంలో వ్యాయామం మీద ఆసక్తి పెరిగింది. ఆ ఊపులోనే 1965లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును తెచ్చి, ‘మాన్‌పో-కెయ్’ అని పదివేలను పేరులోనే పెట్టి అమ్మింది. నడక సంఘాలు ఆ అంకెను పట్టుకున్నాయి. యొషిరో హతానో లాంటి పరిశోధకులు దానికి కేలరీల లెక్కలు జోడించారు. 2007లో అమెరికాలో మొదలైన ఫిట్‌బిట్ కంపెనీ 2009లో తన తొలి పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత దాని బ్యాండ్లలో ముందే నింపి ఉంచిన రోజువారీ లక్ష్యం కూడా పదివేలే. ఇప్పుడు మన ఊళ్లలో వెయ్యి, రెండు వేల రూపాయలకు దొరికే వాచీల్లోనూ చాలావాటికి అదే గమ్యం.

కదలికకూ ఆయుష్షుకూ ఉన్న సంబంధం మాత్రం అంతకు ముందే, ఏ పరికరమూ లేకుండానే బయటపడింది. లండన్‌లో వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్లను పోల్చి 1953లో ఫలితాలు ప్రచురించింది. డ్రైవర్లు రోజంతా కూర్చునే ఉంటారు. కండక్టర్లు టికెట్లు కొడుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతారు. గుండెజబ్బు, దానితో చనిపోయేవాళ్లు కండక్టర్లలో బాగా తక్కువ. మోరిస్ చూసింది మనిషి రోజంతా చేసే పనిని. తర్వాత వచ్చిన పరికరాలు తమకు అందేదాన్ని లెక్కపెట్టాయి. ఈ తేడా ఇప్పటికీ అలాగే ఉంది.

పాత మీటరులో స్ప్రింగుకు వేలాడే చిన్న మీట ఉండేది. నడుము పైకీ కిందికీ ఊగినప్పుడల్లా మీట కదిలి ఒక అంకె పెరిగేది. మెల్లగా, కాళ్లు ఈడుస్తూ నడిచే వృద్ధుల అడుగులు దానికి పట్టేవి కావు. ఊపు చాలక మీట కదిలేది కాదు. ఇప్పటి వాచీలో ఉండేది యాక్సిలరోమీటర్ చిప్. మూడు దిశల్లో వచ్చే కుదుపును సెకనుకు పాతిక నుంచి వంద సార్లు చదువుతుంది. ఆ అలల్లో నడకకు సరిపోయే లయ, అంటే సెకనుకు దాదాపు ఒకటి నుంచి రెండున్నర కుదుపులు, కనిపిస్తే అడుగులుగా రాసుకుంటుంది. చెయ్యి ఊరికే కదిలిన ప్రతిసారీ అంకె పెరగకుండా చాలా వాచీలు వరసగా పది అడుగుల దాకా పడ్డాకే లెక్క మొదలుపెడతాయి.

ఇక్కడే చిక్కు. పొయ్యి దగ్గర్నించి సింకుకు రెండడుగులు, సింకు నుంచి ఫ్రిజ్‌కు మూడడుగులు వేస్తూ వంటగదిలో గంటన్నర నిలబడ్డ మనిషి లెక్క చాలాభాగం అందులో పడదు. చంకన బిందె పెట్టుకుని అదే చేత్తో పట్టుకు నడిస్తే మణికట్టు ఊగదు, అడుగులు తగ్గుతాయి. సూపర్‌మార్కెట్లో ట్రాలీ తోసినా, చేతిలో ఫోను చూస్తూ నడిచినా అంతే. భజనలో చప్పట్లు కొడితే, బట్టలు ఉతికితే, గుంతల రోడ్డు మీద బైకు నడిపితే వేయని అడుగులు వచ్చి చేరతాయి. నడుం వంచి వరి నాట్లు వేసే కూలీ శ్రమలో నడక లయే ఉండదు కాబట్టి, రోజంతా వంగి లేచిన ఆ ఒంటికి వాచీ ఇచ్చే అంకె చాలా చిన్నది. వాచీని ఎక్కువ వాడని చేతికి పెట్టుకుని, సెట్టింగుల్లో ఏ చెయ్యో సరిగ్గా ఎంచుకుంటే తప్పులు కొంత తగ్గుతాయి.

గుండె వేగం సంగతి కొంత మెరుగు. 1980ల తొలినాళ్లలో ఫిన్లాండ్ కంపెనీ పోలార్ ఛాతీకి కట్టుకునే పట్టీతో తీగలు లేని హార్ట్ రేట్ మీటరు తెచ్చింది. అది గుండె విద్యుత్ సంకేతాన్నే చదివేది. మణికట్టు వాచీ వెనకనుంచి ఆకుపచ్చ కాంతి వేస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగివచ్చే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చలికి చర్మంలో రక్తప్రసరణ తగ్గినా, పచ్చబొట్టు మీద పెట్టుకున్నా రీడింగ్ చెదురుతుంది. పరిగెత్తేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది: నాడికి బదులు అడుగుల వేగాన్నే వాచీ గుండె వేగంగా చూపిస్తుంది. ఎంత సేపు పరిగెత్తినా అంకె 165 దగ్గర కదలకుండా నిలిచిపోతే ముందు దీన్నే అనుమానించాలి. మణికట్టు ఎముక నుంచి రెండు వేళ్ల వెడల్పు పైకి జరిపి, వ్యాయామం చేసే సేపు పట్టీ ఒక రంధ్రం బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అన్నిటికన్నా నమ్మరానిది కేలరీల అంకె. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి పరికరాలను 60 మందితో పరీక్షించారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. కేలరీల్లో అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది, అధమమైనది 93 శాతం. కారణం పరికరం ఒక్కటే కాదు. శక్తి ఖర్చు లెక్కలకు చాలాకాలంగా ఆధారం ‘మెట్’ అనే ప్రమాణం. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని అందులో ఊహ. ఆ అంకె 70 కిలోల బరువు, 40 ఏళ్ల వయసున్న మగవాడిది. 2005లో వందలమందిని కొలిచి చూస్తే సగటు 2.6 దగ్గరే తేలింది. అందుకని ‘420 కేలరీలు కరిగాయి’ అని వాచీలో చూసి దానికి తగ్గట్టు ఇంకో రెండు దోసెలు వేయించుకోవడం ప్రమాదం. పిట్స్‌బర్గ్‌లో 471 మందితో రెండేళ్లు సాగిన ప్రయోగం 2016లో వెలువడింది. ఆహార నియమాలతో పాటు పరికరం కూడా వాడినవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గారు, పరికరం లేనివాళ్లు 5.9 కిలోలు. ఎందుకలా జరిగిందో ఆ ప్రయోగం తేల్చలేదు. బరువు తగ్గడానికి బ్యాండ్ కొంటే చాలన్న నమ్మకం మాత్రం అక్కడ నిలబడలేదు.

నిద్ర విషయం క్లుప్తంగా. ల్యాబ్‌లో మెదడు తరంగాలు చూసి నిద్ర దశలు నిర్ణయిస్తారు. వాచీ కదలికనూ నాడినీ చూసి ఊహిస్తుంది. ఎన్నింటికి పడుకున్నాం, ఎన్నింటికి లేచాం అన్నవి దాదాపు సరిగ్గా వస్తాయి, గాఢనిద్ర నిమిషాలు రావు. నిద్ర స్కోరు కోసం ఆందోళన పడి నిద్ర పాడుచేసుకుంటున్నవాళ్ల గురించి 2017లోనే వైద్యులు రాశారు.

మన దగ్గర ఈ వాచీలకు గిరాకీ పెరిగింది కోవిడ్ కాలంలో. 2021 రెండో వేవ్‌లో ఆక్సిజన్ శాతం చూపిస్తుందన్న ఒక్క మాటతో చవక వాచీలు విపరీతంగా అమ్ముడయ్యాయి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలిని దాటి అవతలి సెన్సార్‌కు చేరుతుంది. మణికట్టు దగ్గర ఎముక అడ్డం కాబట్టి తిరిగివచ్చే కాంతితోనే సరిపెట్టుకోవాలి, సంకేతం చాలా బలహీనం. పైగా ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఆసుపత్రి ఆక్సీమీటర్లు కూడా ఆక్సిజన్ తగ్గుదలను ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020 డిసెంబరులో అమెరికా అధ్యయనం చూపింది. ఆయాసపడుతున్న మనిషి చేతికున్న వాచీలో 97 కనిపించిందని ఇంట్లో ఉండిపోకూడదు.

వాచీలు ఇన్ని అమ్ముడైనా, మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదని 2024లో వైద్య పత్రిక లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42.

మరి ఎన్ని అడుగులు చాలు? పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటు వయసు 72 ఉన్న 16,741 మంది అమెరికన్ మహిళల అడుగులు లెక్కించి 2019లో ఫలితాలిచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. 2022లో 15 అధ్యయనాలను కలిపి చూస్తే, అరవై దాటినవాళ్లకు 6,000 నుంచి 8,000, అంతకన్నా చిన్నవాళ్లకు 8,000 నుంచి 10,000 మధ్య లాభం నిలకడకు వచ్చింది. జబ్బున్నవాళ్లు సహజంగానే తక్కువ నడుస్తారు కాబట్టి ఈ లాభమంతా నడకదే అనలేం. అయినా దిశ స్పష్టం: రెండు వేల నుంచి నాలుగు వేలకు వెళ్లేవాళ్లకు దక్కేది ఎక్కువ, తొమ్మిది వేల నుంచి పదివేలకు వెళ్లేవాళ్లకు దక్కేది తక్కువ. రాత్రి పదింటికి హాల్లో గుండ్రంగా తిరిగి మిగిలిన ఆరు వందలు పూర్తిచేయాల్సిన పనిలేదు. వాచీ ఉన్నవాళ్లు రెండు వారాలు మామూలుగా తిరిగి సగటు చూసుకుని, దానికి వెయ్యి కలుపుకుంటే అదే సొంత లక్ష్యం.

వేగానికి వాచీ అక్కర్లేదు. నిమిషానికి వంద అడుగులు పడితే అది మధ్యస్థ వ్యాయామం, అంటే పదిహేను సెకన్లలో పాతిక. మాట్లాడగలిగి, పాడలేకపోతే సరైన వేగంలో ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇలాంటి కదలిక వారానికి 150 నుంచి 300 నిమిషాలు, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. రెండో సగం అడుగుల లెక్కలో కనపడదు కాబట్టే ఎక్కువమంది వదిలేస్తున్నారు.

వాచీకి అందనివాటిని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. నడుము కొలతను మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. చాలామంది టేపును ప్యాంటు బెల్టు దగ్గర, పొట్ట కిందుగా చుడతారు, దాంతో కొలత తగ్గి వస్తుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. దక్షిణాసియా వాళ్లకు హద్దు మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80.

కాళ్ల బలానికి కుర్చీ పరీక్ష. చేతులు లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. చేతుల ఊతం తీసుకుంటే స్కోరు సున్నా. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కన్నా తక్కువసార్లు లేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క. 70 నుంచి 74 ఏళ్ల వాళ్లకు ఆ అంకెలు 12, 10.

బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో బృందం నేలమీద కూర్చుని లేవడాన్నే పరీక్షగా మార్చింది. కూర్చోవడానికి 5, లేవడానికి 5 మార్కులు. చెయ్యో మోకాలో ఆనిస్తే ఒక్కోదానికి ఒక మార్కు పోతుంది, తూలితే అర మార్కు. 51 నుంచి 80 ఏళ్ల వాళ్లు 2,002 మందిని చూసి 2012లో ప్రచురించిన లెక్కలో 3, అంతకన్నా తక్కువ వచ్చినవాళ్లలో మరణాలు 8, ఆపైన వచ్చినవాళ్లకన్నా ఐదు రెట్లకు పైగా ఉన్నాయి. భోజనానికి బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చునే అలవాటు పోయిన ఇళ్లలో ఈ పరీక్షకు వయసుకన్నా ముందే మార్కులు తగ్గిపోతాయి. పక్కన ఒక మనిషి ఉండగా, కాళ్లకు చెప్పులు లేకుండా చేయాలి. మోకాళ్ల నొప్పి, తుంటి ఆపరేషన్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకుండా కుర్చీ పరీక్షే చేసుకోవాలి.