షుగర్ మీటరుకు ఆనని చక్కెర

వేలి కొన పొడిచి చూసే మీటరు గ్లూకోజ్‌ను మాత్రమే చూపిస్తుంది. ఫ్రక్టోజ్ అనే మరో చక్కెర ఎంత తిన్నా దానికి ఆనదు. పంచదారలో సగం ఫ్రక్టోజే. అయినా షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రక్టోజే మేలైన తీపి అని వైద్యులు చాలాకాలం నమ్మారంటే కారణం అదే: రక్తంలో గ్లూకోజ్‌ను పెంచనిది ఒంటికి హాని చేయదనుకున్నారు. కాలేయాన్ని ఎవరూ అడగలేదు.

ఫ్రక్టోజ్‌ను 1847లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దుబ్రున్‌ఫో గుర్తించాడు. పండ్లలో, తేనెలో ఉంటుంది కాబట్టి ‘పండ్ల చక్కెర’ అన్న పేరు వచ్చింది. ఆ పేరే సగం నమ్మకం తెచ్చిపెట్టింది. ఇన్సులిన్‌ను పెద్దగా కదిలించదన్నది రెండో బలం. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్ (ఏ తిండి రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) లెక్క కట్టినప్పుడు గ్లూకోజ్‌ను 100గా తీసుకుంటే ఫ్రక్టోజ్‌కు 20 వచ్చింది. జర్మనీలో డయాబెటిస్ ఉన్నవారి కోసమని ప్రత్యేకంగా అమ్మే చాక్లెట్లు, జామ్‌లు, బిస్కెట్లలో పంచదార తీసేసి ఫ్రక్టోజ్ వేసేవారు. అక్కడ ఆ ప్రత్యేక నిబంధనలను 2010లో రద్దు చేసి, సరుకు అమ్ముకోవడానికి 2012 దాకా గడువిచ్చారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2002లోనే మాట మార్చుకుంది: రక్తంలోని కొవ్వులు చెడిపోతున్నాయి, తీపి కోసం ఫ్రక్టోజ్ కలుపుకోవద్దు అని.

కొవ్వులు ఎందుకు చెడతాయో తెలియాలంటే కాలేయ కణంలోకి తొంగిచూడాలి. గ్లూకోజ్ నడిచే దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ గేటులా ఉంటుంది. కణంలో శక్తి నిండుగా ఉంటే, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే ఏటీపీ అనే అణువు, శక్తి తయారీ దారిలో పుట్టే సిట్రేట్ పెరిగితే, ఆ గేటు మూసుకుంటుంది. ఫ్రక్టోజ్ అసలు ఆ గేటు దగ్గరికే రాదు. ఫ్రక్టోకైనేజ్ అనే మరో ఎంజైమ్ దాన్ని పట్టుకుని, అణువుకొక ఏటీపీ చొప్పున ఖర్చుపెట్టి, ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ‘ఇక చాలు’ అని దాన్ని ఆపేవాళ్లు లేరు. తర్వాత ఆల్డొలేజ్-బి దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు గేటు దాటాక ఉన్న దారిలో కలిసిపోతాయి. అవసరానికి మించినవి కొవ్వుగా మారి, కొంత కాలేయంలోనే పేరుకుంటాయి, మరికొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వెళ్తాయి. ఖర్చయిన ఏటీపీలో కొంత భాగం తిరిగి కూడుకోలేక, విరిగి యూరిక్ యాసిడ్ అవుతుంది. ఫ్రక్టోజ్ ఇస్తే యూరిక్ యాసిడ్ పెరుగుతోందని ఫిన్లాండ్ పరిశోధకులు పెర్హేన్‌తుపా, రైవియో 1967లోనే ప్రచురించారు.

ఇంతగా ఖర్చయిపోయే ఈ ఏటీపీని 1929లో కండరాల్లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పని అది. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నాడు.

పుట్టుకతో ఫ్రక్టోకైనేజ్ లేనివాళ్లు అరుదుగా ఉంటారు. తిన్న ఫ్రక్టోజ్‌లో కొంత మూత్రంలో పోతుంది, వాళ్లకు ఏ జబ్బూ రాదు. దాని తర్వాతి మెట్టులోని ఆల్డొలేజ్-బి లేని పిల్లలకైతే పండు, పంచదార మొదలుపెట్టగానే వాంతులు, గ్లూకోజ్ పడిపోవడం, కాలేయం దెబ్బతినడం. హాని ఫాస్ఫేట్ తగిలించే ఆ మొదటి మెట్టు నుంచే మొదలవుతోందని ఈ రెండు స్థితులూ చెబుతున్నాయి.

ఇక మొక్కజొన్న సంగతి. 1957లో మార్షల్, కూయి గ్లూకోజ్‌ను ఎంజైమ్‌తో ఫ్రక్టోజ్‌గా మార్చవచ్చని చూపారు. జపాన్‌లో తకసాకి ఆ పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1974లో ప్రపంచ మార్కెట్లో పంచదార ధర ఆకాశాన్నంటడం, ఆ తర్వాత అమెరికా దిగుమతులపై ఆంక్షలు పెట్టడంతో మొక్కజొన్న పిండిలోని గ్లూకోజ్‌ను ఇలా కొంత ఫ్రక్టోజ్‌గా మార్చి చేసే కార్న్ సిరప్ చవకగా కనిపించింది. 1984లో అక్కడి పెద్ద కూల్‌డ్రింక్ కంపెనీలు పూర్తిగా దానికి మారాయి. 2004లో బ్రే, నీల్సన్, పాప్‌కిన్‌ల వ్యాసం ఊబకాయానికి ఈ సిరప్‌తో ముడిపెట్టాక కోపమంతా మొక్కజొన్న మీదికి మళ్లింది. ఇది సరైన గురి కాదు. కూల్‌డ్రింకులకు వాడే సిరప్‌లోని చక్కెరల్లో ఫ్రక్టోజ్ 55 శాతం, పంచదారలో 50 శాతం. మన దేశంలో కూల్‌డ్రింకులు ఎక్కువగా పంచదారతోనే చేస్తారు, అయినా 300 మిల్లీలీటర్ల కోలాలో 32 గ్రాముల చక్కెర ఉంటే అందులో 16 గ్రాములు ఫ్రక్టోజే.

గట్టి రుజువులు తర్వాత వచ్చాయి. 2009లో కాలిఫోర్నియాలో స్టాన్‌హోప్, హావెల్ బృందం అధిక బరువున్న 32 మందికి 10 వారాలు రోజువారీ కేలరీల్లో 25 శాతం గ్లూకోజ్ పానీయంగానో ఫ్రక్టోజ్ పానీయంగానో ఇచ్చింది. బరువు రెండు గుంపుల్లోనూ ఒకేలా పెరిగింది. పొట్ట లోపలి కొవ్వు పెరగడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఫ్రక్టోజ్ గుంపులోనే కనిపించాయి. 2019లో ఫ్యాటీ లివర్ ఉన్న 40 మంది మగపిల్లలపై అధ్యయనం వచ్చింది. తిండిలో విడిగా కలిపే చక్కెరలు, పండ్ల రసాలు 8 వారాల పాటు బాగా తగ్గించినవారి కాలేయంలో కొవ్వు 25 శాతం నుంచి 17కి దిగింది. మామూలు తిండి తిన్నవారిలో 21 నుంచి 20 దగ్గరే ఆగింది.

మరో పక్క కూడా చెప్పాలి. మొత్తం కేలరీలు పెంచకుండా వేరే పిండిపదార్థం బదులు ఫ్రక్టోజ్ ఇస్తే బరువు పెరగలేదని 2012లో సీవెన్‌పైపర్ బృందం అధ్యయనాలన్నీ కూడి చూసి తేల్చింది. కాబట్టి పండు మానేయమనడం తప్పు. ఎలుకల్లో 2018లో తేలింది ఏమిటంటే, కొద్ది మోతాదు ఫ్రక్టోజ్‌ను చిన్నపేగే చాలావరకు గ్లూకోజ్‌గా మార్చేస్తుంది, ఎక్కువ మోతాదు ఒక్కసారిగా వస్తే మిగిలినది కాలేయానికి చేరుతుంది. బత్తాయి తొనలు తొనలుగా తింటే పీచు వల్ల తీపి నెమ్మదిగా దిగుతుంది. మూడు నాలుగు కాయల రసం పిండి గటగటా తాగితే ఆ తీరిక పేగుకు ఉండదు.

పంచదార మానేసి తేనె, బెల్లం పట్టుకున్నవారు పాత పొరపాటునే మళ్లీ చేస్తున్నారు. తేనెలో గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజే ఎక్కువ, 100 గ్రాములకు దాదాపు 38 గ్రాములు. బెల్లంలో అధిక భాగం పంచదారలోని సుక్రోజే. ‘తక్కువ గ్లైసీమిక్ ఇండెక్స్’ అని రాసి అమ్మే అగావే (ఒక ఎడారి మొక్క) సిరప్‌కు ఆ తక్కువ అంకె వచ్చిందే ఫ్రక్టోజ్ ఎక్కువగా ఉండటం వల్ల. షుగర్ రీడింగ్ బాగున్నా పరగడుపున ట్రైగ్లిజరైడ్లు, ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), యూరిక్ యాసిడ్ చూపించుకోవాలి. పొట్ట స్కానింగులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రాస్తే దాన్ని పక్కన పెట్టేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనె, సిరప్, పండ్ల రసాలను కూడా పంచదారతో కలిపే లెక్కపెట్టింది: 2000 కేలరీలు తినేవారికి అన్నీ కలిపి 50 గ్రాముల లోపు, వీలైతే 25 లోపు. కొరికి తినే పండు ఆ లెక్కలోకి రాదు.