క్యాన్సర్‌లా కనిపించి, తనంతట తనే మానిపోయే పుండు

అంగిలి మీద ముందు వాపు, నొప్పి. కొన్ని రోజులకి అక్కడి ముక్క ఊడిపోయి, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల గుంట పుండు పడుతుంది. చూడగానే ఎవరికైనా క్యాన్సరేమోనని టెన్షన్ రావడం సహజం. కానీ ఇది నెక్రోటైజింగ్ సయలోమెటాప్లేసియా అయితే, సాధారణంగా ఆరు నుంచి పది వారాల్లో దానంతటదే మానిపోతుంది. 1973లో ఏబ్రమ్స్, మెల్‌రోజ్, హోవెల్ అనే పరిశోధకులు దీన్ని మొదటిసారి వర్ణించారు. క్యాన్సర్ అని పొరబడి అంగిలిని కోసేసిన సందర్భాలు ఉన్నాయి, అదే నన్ను బాగా బాధపెడుతుంది.

అసలు జరిగేదేమిటంటే, అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథులకి రక్తం అందదు. మత్తు ఇంజెక్షన్‌లో రక్తనాళాల్ని కుంచింపజేసే అడ్రినలిన్, సరిగా అమరని కట్టుడు పళ్ళ ఒత్తిడి, దెబ్బ, పొగతాగడం, పదేపదే వాంతులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. ఎలుకల్లో గ్రంథికి వెళ్ళే ధమనిని కట్టేస్తే ఇలాంటి మార్పులే వచ్చాయి.

గ్రంథిని గట్లు వేసిన మడుల్లా ఊహించుకోండి. నీళ్ళు ఆగితే పైరు, అంటే లాలాజలం తయారుచేసే కణాలు, చచ్చిపోతాయి. గట్లు, అంటే గ్రంథిలోని చిన్న భాగాల మధ్య సరిహద్దులు, మాత్రం చెక్కుచెదరవు. బతికి బయటపడ్డ లాలాజల నాళాల గోడ కణాలు చర్మపు పైపొర కణాల్లాంటి గట్టి రూపంలోకి మారి ఖాళీ అయిన మడుల్ని నింపుతాయి. మైక్రోస్కోపులో ఈ కణాల గుంపులే పొలుసుకణ క్యాన్సర్‌లానో, లాలాజల గ్రంథుల్లో వచ్చే మ్యూకోఎపిడెర్మాయిడ్ క్యాన్సర్‌లానో కనబడి మోసం చేస్తాయి. తేడా పట్టిచ్చేది గట్లే! క్యాన్సర్ గట్లు తెంచుకుని పక్క మడుల్లోకి చొరబడుతుంది, ఇక్కడ ప్రతి గుంపూ నున్నటి అంచులతో తన మడిలోనే ఉంటుంది, కేంద్రకాలు కూడా పెద్దగా వికారంగా ఉండవు.

అందుకే బయాప్సీకి, అంటే మైక్రోస్కోపు పరీక్ష కోసం, కోసి తీసే ముక్క లోతుగా, తగినంత పెద్దదిగా ఉండాలి. పైపైన గీకిన ముక్కలో గట్లే కనబడకపోతే పాథాలజిస్టు మాత్రం ఏం చెప్పగలరు? పాఠాల్లో కణాల రంగూ రూపూ బట్టీ పట్టిస్తారు గానీ, వాటి అమరికను చూడటం అంతే శ్రద్ధగా నేర్పాలి.

ఇంకో మాట, ఇది తనే తగ్గుతుంది కాబట్టి ఆ సమయంలో ఏ చిట్కా వాడినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది. అదే చిట్కాని నిజమైన క్యాన్సర్ ఉన్నవాళ్ళకి చెబితే విలువైన సమయం పోతుంది. కాబట్టి బయాప్సీ తప్పదు. రిపోర్టు మంచిదే వచ్చినా, పుండు పూర్తిగా మూసుకునేదాకా డాక్టరుకి చూపించుకుంటూనే ఉండాలి, అనుకున్న సమయానికి మానకపోతే మళ్ళీ బయాప్సీ చేయాలి.