పార్కిన్సన్స్, ఈఈజీ, మనసు: ఓపీలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

ఆ మధ్య ఒక రిటైర్డు తెలుగు మాస్టారిని కొడుకు మా ఓపీకి తీసుకొచ్చాడు. మాస్టారికి ఏడేళ్లుగా పార్కిన్సన్స్, జనం వణుకుడు జబ్బనేది. కొడుకు చేతిలో లావుపాటి ఫైలు, అందులో రంగురంగుల తలకాయ బొమ్మలు. ఎక్కడో ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేయించారట. ఎర్రగా ఉన్న చోట వేలు పెట్టి చూపించి, "నాన్నగారి డిప్రెషన్ ఇక్కడుందటండీ" అన్నాడు.

నేను ఫైలు పక్కన పెట్టి మాస్టారిని అడిగాను. "రాత్రిళ్లు ఇంట్లో ఎవరైనా కనిపిస్తున్నారా మాస్టారూ?"

ఆయన కొడుకు వైపు ఒకసారి చూశారు. "పిల్లలొస్తారండీ. బీరువా పక్కన నిలబడతారు. ఏమీ అనరు."

కొడుక్కి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. ఫైల్లో ఉన్న ఏ బొమ్మలోనూ ఆ పిల్లలు లేరు.

నరాల డాక్టరుగా ఈఈజీలు, అంటే తలకు తీగలు అంటించి మెదడు తరంగాలను గీతలుగా తీసే పరీక్షలు, చదవడం నా రోజువారీ పని. ఆ ‘బ్రెయిన్ మ్యాపింగ్’ రంగులు కూడా ఈఈజీ నుంచి కంప్యూటరు వేసినవే. ఆ పరీక్ష మీద నాకు గౌరవమే గానీ, దాన్ని అడగాల్సినవి అడగాలి, మనిషిని అడగాల్సినవి మనిషినే అడగాలి. ఈ రెండూ కలగాపులగం అయిపోతున్నాయి కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: ఈఈజీ అంటే తలకు కరెంటు పెట్టడం.

కాదు. మేము పెట్టేది ఏమీ లేదు, వినేదే. గోడ గడియారంలో వేసే బ్యాటరీ 1.5 వోల్టులు. మెదడు నుంచి నెత్తి మీది చర్మం దాకా వచ్చేది సుమారు 50 మైక్రోవోల్టులు, అంటే ఆ బ్యాటరీలో 30,000వ వంతు. అంత సన్నటి సంకేతం కాబట్టే తలకు నూనె రాసుకుని రావద్దని చెబుతాం. అయినా సగం మంది శుభ్రంగా కొబ్బరినూనె పట్టించుకునే వస్తారు, మా టెక్నీషియన్ దూది పట్టుకుని తుడుస్తూ కూర్చుంటుంది.

జనం భయపడే ‘షాక్’ ఈసీటీ, అంటే మెదడుకు కరెంటు ఇచ్చి చేసే చికిత్స, అది వేరే. చిత్రమేమిటంటే, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు మందులకు లొంగని తీవ్రమైన డిప్రెషన్ వస్తే ఆ ఈసీటీ మనసుతో పాటు కొన్నాళ్లు కదలికలను కూడా మెరుగుపరుస్తుంది. మత్తు ఇచ్చి చేస్తారు, సినిమాల్లో చూపించినట్టు కాదు.

అపోహ: మెదడు తరంగాల్లో డిప్రెషన్, భయం కనబడతాయి.

మాస్టారి ఫైలు సంగతి ఇదే. మనిషికి మొదటిసారి ఈఈజీ తీసింది 1924లో జర్మనీలోని యేనా ఊళ్లో హాన్స్ బెర్గర్. ఆయన సైకియాట్రిస్టు. మనసును తీగల ద్వారా పట్టుకోవాలన్నది ఆయన ఆశ. వందేళ్లయింది, ఆ ఆశ ఇంకా ఆశగానే ఉంది. డిప్రెషన్‌లో నుదుటి భాగంలో ఎడమ, కుడి వైపుల ఆల్ఫా తరంగాల్లో తేడా ఉంటుందని చాలా పరిశోధనలు జరిగాయి. ఒకరికి వచ్చిన ఫలితం మరొకరికి రాలేదు. ఒక మనిషిని కూర్చోబెట్టి ‘నీకు డిప్రెషన్ ఉంది’ అని ఈఈజీ చూసి చెప్పగల స్థితి నేటికీ లేదు.

పైగా పార్కిన్సన్స్ మనిషి ఈఈజీలో ఒక మాయ ఉంటుంది. నేను ట్రైనింగులో ఉండగా ఒక రికార్డింగులో సెకనుకు 5 చొప్పున చక్కటి అలలు కనిపించాయి. మెదడులో నెమ్మదిగా వచ్చే థీటా తరంగాలని సంబరంగా రాసేశాను. మా సీనియర్ టెక్నీషియన్ నవ్వి, "సార్, ఒకసారి ఆయన చెయ్యి పట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాను. స్క్రీన్ మీద అలలు ఆగిపోయాయి. వదిలాను, మళ్లీ మొదలు. పార్కిన్సన్స్ వణుకు కూడా సెకనుకు 4 నుంచి 6 సార్లే. చెయ్యి వణికితే తల కదులుతుంది, తల కదిలితే దిండు మీది తీగలు కదులుతాయి, కంప్యూటరు దాన్ని మెదడు అనుకుంటుంది. ఇప్పుడు మేము మణికట్టు మీద కూడా ఒక ఎలక్ట్రోడు అంటిస్తున్నాం.

ఇంకో చిన్న విషయం. ఈ జబ్బులో రెప్పలు తక్కువ కొడతారు కాబట్టి, అందరి ఈఈజీలోనూ నుదుటి దగ్గర కనిపించే రెప్పపాటు గీతలు వీళ్లకు చాలా అరుదుగా పడతాయి. అనుభవం ఉన్నవాళ్లు పేరు చూడకుండానే అనుమానపడతారు. రంగుల మ్యాపు వేసే సాఫ్ట్‌వేర్‌కు వణుకు, రెప్ప, కునికిపాటు తేడా తెలియదు. తీసినవాళ్లకు తెలియాలి.

అపోహ: అలాగైతే పార్కిన్సన్స్‌లో ఈఈజీ దండగ.

దండగేమీ కాదు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 అలలు రావాలి. పార్కిన్సన్స్‌తో పాటు ఆలోచన, జ్ఞాపకం మందగిస్తున్నవాళ్లలో ఈ లయ 8 కంటే కిందికి, 7కి, 6కి దిగుతుంది. ‘బ్యాక్‌గ్రౌండ్ స్లో అయింది’ అని రిపోర్టులో రాసేది దాన్నే. పార్కిన్సన్స్‌కు దగ్గరి చుట్టమైన మతిమరుపు జబ్బు లూయీ బాడీ డిమెన్షియా గుర్తించడానికి 2017లో సవరించిన ప్రమాణాల్లో ఈ మందగింపును సహాయక ఆధారంగా చేర్చారు. మతిమరుపు ముప్పు ఎవరికి ఎక్కువో అంచనా వేయడానికీ కొంత పనికొస్తుంది.

అసలు ఉపయోగం మరోచోట ఉంది. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన రెండు రోజుల్లో అయోమయంలో పడిపోతే, అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలెట్టిన మందు, అరుదుగా పైకి కనబడని ఫిట్స్. ఆ ఫిట్స్ ఉన్నాయో లేవో తేల్చేది ఈఈజీ ఒక్కటే. అయితే నిద్రమత్తులో తీసినా, మత్తు మందుల మీద తీసినా లయ మందగిస్తుంది. ఏ మందులు వాడుతున్నారో టెక్నీషియన్‌కు దాచకుండా చెప్పండి.

అపోహ: ఇది వణుకుడు జబ్బు, మనసుతో సంబంధం లేదు.

ఈ పొరపాటు జబ్బుకు పేరిచ్చినాయనతోనే మొదలైంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాసిన వ్యాసంలో ఇంద్రియాలు, బుద్ధి చెక్కుచెదరవన్నాడు. ఆయన చూసింది ఆరుగురిని, అందులో కొందరిని వీధిలోనే. ఇప్పుడు మనకు తెలిసింది వేరు: దాదాపు మూడింట ఒక వంతు మందిలో పట్టించుకోదగ్గ డిప్రెషన్ లక్షణాలుంటాయి. ఆందోళన కూడా ఇంచుమించు అంతే. వణుకు మొదలవకముందే వచ్చేవాళ్లూ ఉన్నారు. నిద్రలో కలకు తగ్గట్టు అరవడం, తన్నడం ఇంకా ముందే, కొందరిలో పదేళ్ల ముందే మొదలవుతుంది. దాన్ని పక్కాగా నిర్ధారించాలంటే రాత్రంతా ఈఈజీతో పాటు కండరాల కదలికలను కూడా రికార్డు చేసే నిద్ర పరీక్ష కావాలి.

అపోహ: లేనివాళ్లు కనబడుతున్నారంటే గాలి సోకిందనో, పిచ్చి ముదిరిందనో.

తాయెత్తు కట్టించుకొచ్చినవాళ్లను నేనేమీ అనను. కానీ నిద్రపట్టడానికని, గొడవ తగ్గడానికని ఎక్కడో హాలోపెరిడాల్ రాయించుకుని వస్తే మాత్రం గుండె జారుతుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటివి, ఈ జబ్బులో అసలే తక్కువైన డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుని మనిషిని కర్రలా బిగించేస్తాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందే ‘పార్కిన్సన్స్ ఉంది’ అని చెప్పండి.

మేము చేసేది ఇదీ. ముందు ఇన్‌ఫెక్షన్, సోడియం చూస్తాం. పార్కిన్సన్స్ మందులే లేనివాళ్లను చూపించగలవు కాబట్టి, తర్వాత వాటిలో ట్రైహెక్సిఫెనిడిల్, అమాంటడిన్, ఆ తర్వాత డోపమిన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్ లాంటివి ఒక్కొక్కటే తగ్గిస్తాం. ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపాను చివర్లో ముట్టుకుంటాం. ఇంకా అవసరమైతే క్వెటియాపిన్, లేదా తరచూ రక్తపరీక్షలు చేయించుకుంటూ క్లోజపిన్. మీ అంతట మీరు లెవోడోపా ఒక్కసారిగా ఆపొద్దు. జ్వరం, బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి వస్తుంది. దూలగొండి పొడి వాడుతుంటే అదీ చెప్పండి. అందులో ఉండేది కూడా లెవోడోపానే, తెలియకుండా డోసు రెట్టింపవుతుంది.

అపోహ: ముసలితనంలో బుద్ధి గడ్డి తిని పేకాట మరిగాడు.

ఒకావిడ ఏడుస్తూ చెప్పింది. భర్త ఫోన్లో రమ్మీ ఆడి పొలం మీద అప్పు చేశాడు. జీవితంలో ముక్క పట్టనివాడు. చీటీ చూస్తే ప్రమిపెక్సోల్. 2010లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 3,090 మందిని చూస్తే ఈ తరహా మందులు వాడేవాళ్లలో 17 శాతానికి జూదం, కొనుగోళ్లు, తిండి, లైంగిక కోరికల్లో ఏదో ఒకదాని మీద అదుపు తప్పింది. ఈ మందు రాసేటప్పుడు భార్యకో, పిల్లలకో కూడా చెప్పాలి. మగవాళ్లు సిగ్గుతో దాచుకుంటారు.

ఇక్కడ మాత్రం మెదడు తరంగాలు ఒక ఆసక్తికరమైన మాట చెప్పాయి. డీబీఎస్ ఆపరేషన్ (మెదడు లోతుల్లో తీగలు పెట్టి సన్నటి కరెంటుతో కదలికలను సరిచేసే చికిత్స) కోసం పెట్టిన ఆ తీగల్లో, అదుపు తప్పినవాళ్ల దగ్గర సెకనుకు 4 నుంచి 10 అలల చురుకుదనం ఎక్కువగా కనిపించింది. కదలికల బిగుతుకు సంబంధించినవి 13 నుంచి 30 మధ్య. ఆ అలలను చూసుకుని తనంతట తానే మోతాదు మార్చుకునే డీబీఎస్‌కు అమెరికాలో 2025లో ఆమోదం దొరికింది. కానీ ఇది నెత్తి మీద టోపీ పెట్టి తీసే మ్యాపింగ్ కాదు, పుర్రెకు రంధ్రం చేస్తే తప్ప అందేది కాదు.

మాస్టారి చీటీలో ట్రైహెక్సిఫెనిడిల్ ఉంది. ఎప్పుడో వణుక్కని మొదలెట్టి, ఎవరూ ఆపలేదు. నెమ్మదిగా తగ్గించాను. ఆరు వారాల తర్వాత వచ్చినప్పుడు కొడుకే ముందుగా అడిగాడు, "నాన్నా, పిల్లల సంగతి డాక్టరు గారికి చెప్పు."

"తగ్గారండీ," అన్నారు మాస్టారు. "మొన్న ఒక్కడే వచ్చాడు. ఎక్కువసేపు ఉండలేదు."

మళ్లీ ఈఈజీ తీయాలా అని కొడుకు అడిగాడు. అక్కర్లేదన్నాను.