గామా మెరుపు, దాని వెనుక మసక చుక్క: మా పని మీద కొన్ని అపోహలు

మొన్న దసరా సెలవులకు హనుమకొండ వచ్చినప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో మాట్లాడమన్నారు. చిన్న గామా కిరణ విస్ఫోటాల తర్వాత మిగిలే మామూలు కాంతిని వెతకడం నా పని. ఆ విస్ఫోటాన్ని మేం పొట్టిగా జీఆర్‌బీ అంటాం. గంటసేపు మాట్లాడాను. తర్వాత పిల్లలు అడిగిన ప్రశ్నలు, ఇంటికొచ్చాక మా బాపు అడిగినవి కలిపి చూసుకుంటే, నేను చెప్పింది ఎవరికీ సరిగ్గా ఎక్కలేదని తెలిసిపోయింది. ఈసారి రాసి చెబుతున్నాను.

అపోహ: ఆకాశంలో పేలుడు జరుగుతుంటే మీరు టెలిస్కోప్‌లో చూస్తారు.

వాస్తవం: పేలుడును మేం చూడం. గామా కిరణాలను మన వాతావరణం పైనే ఆపేస్తుంది, వాటిని పట్టాలంటే ఉపగ్రహమే ఉండాలి. 1967లో వీటిని మొదట పట్టినవి అమెరికా వాళ్ల వేలా ఉపగ్రహాలు. వాటిని పంపింది ఎవరైనా దొంగచాటుగా అణు పరీక్షలు చేస్తున్నారేమో చూడటానికి. ఆకాశం లోతుల్లోంచి ఈ మెరుపులు వస్తున్నాయన్న సంగతి 1973లో గానీ బయటికి రాలేదు.

చిన్న జీఆర్‌బీ రెండు సెకన్లలోపు ముగుస్తుంది. నా ఫోన్ మోగేసరికి అది అయిపోయి ఉంటుంది. మేం వెతికేది తర్వాత మిగిలేదాన్ని. న్యూట్రాన్ నక్షత్రమంటే భారీ నక్షత్రం పేలాక మిగిలే గట్టి గుండె. అలాంటివి రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటాయి. అప్పుడు దాదాపు కాంతి వేగంతో ఒక సన్నని ధార దూసుకొస్తుంది. అది చుట్టుపక్కల ఉన్న పలుచని వాయువును గుద్దుకుని, ఎక్స్‌రే నుంచి రేడియో దాకా అన్నిట్లో వెలుగుతుంది. దీన్నే ఆఫ్టర్‌గ్లో అంటాం. మంట ఆరాక కట్టె కొసన మిగిలే నిప్పులాంటిది. అదీ ఎక్కువసేపు ఉండదు: గంటకు ఉన్న వెలుగు పది గంటలకు సుమారు పదో వంతుకు పడిపోతుంది.

పైగా చిన్న జీఆర్‌బీల ఆఫ్టర్‌గ్లోలు పుట్టుకతోనే మసక. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఇరవై ఒకటో మాగ్నిట్యూడ్ ఉంటే మాకు పండగే. అంటే మామూలు కంటికి ఆనే అతి మసక నక్షత్రం కన్నా పది లక్షల రెట్లు తక్కువ వెలుగు. కారణాలు రెండు. ఒకటి, రెండు సెకన్లు దాటే పెద్ద జీఆర్‌బీలతో పోలిస్తే వీటి శక్తి తక్కువ. రెండోది నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. న్యూట్రాన్ నక్షత్రం పుట్టేది సూపర్‌నోవాలో, అంటే భారీ నక్షత్రం కూలి పేలినప్పుడు. ఆ పేలుడు జంటను ఒక తన్ను తంతుంది. ఆ తన్నుకు జంట కోట్ల ఏళ్లు ప్రయాణించి, కొన్నిసార్లు పుట్టిన గెలాక్సీ పొలిమేర దాటిపోయి, అక్కడ ఢీకొంటుంది. ఊరు బయట వాయువు పలుచన. ధారకు గుద్దుకోవడానికే ఏమీ లేకపోతే వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది?

అపోహ: చోటు ఉపగ్రహమే చెబుతుంది. టెలిస్కోప్ అటు తిప్పితే అయిపోయె.

ఏ ఉపగ్రహం చెప్పిందనేది ముఖ్యం. 2004 నవంబరులో పంపిన స్విఫ్ట్ పట్టుకుంటే మా అదృష్టం. అది గామా మెరుపును చూడగానే తానే అటు తిరిగి, ఎక్స్‌రే టెలిస్కోప్‌తో కొన్ని ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కచ్చితత్వంతో చోటు చెబుతుంది. అంటే దాదాపు ఇంటి నంబరుతో సహా అడ్రసు. ఫెర్మి అనే ఇంకో ఉపగ్రహం పట్టుకుంటే మాత్రం జిల్లా పేరు ఒక్కటే చేతికొస్తుంది. చాలాసార్లు వంద చదరపు డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ. వంద చదరపు డిగ్రీల్లో ఐదు వందల నిండు చందమామలు పడతాయి. లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర గ్రోత్-ఇండియా అనే రోబోటిక్ టెలిస్కోప్ ఉంది. దాని ఒక ఫొటోలో సుమారు అర చదరపు డిగ్రీ పడుతుంది. లెక్క మీరే వేసుకోండి.

సద్దుల బతుకమ్మ రాత్రి పద్మాక్షి గుట్ట కింద చెరువు గట్టు నిండా ఆడవాళ్లు ఉంటారు కదా. ఆ జనంలో ఒకరి ఫోన్ ఒక్క సెకను మెరిసింది, అది ఎవరిదో చెప్పమంటే ఏం చేస్తాం? నిన్న తీసిన ఫొటో, ఇవాళ తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి కొత్తగా ఏం కనబడిందో చూస్తాం. మేం చేసేదీ అదే. కొత్త ఫొటోలోంచి పాత సర్వే ఫొటోను కంప్యూటర్‌తో తీసివేస్తాం. మిగిలిన చుక్కలే అనుమానితులు.

అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. మిగిలిన చుక్కల్లో ఎక్కువ భాగం దొంగ చుక్కలే. గ్రహశకలాలు, ఉన్నట్టుండి భగ్గుమనే చిన్న ఎర్ర నక్షత్రాలు, దీనితో ఏ సంబంధం లేని సూపర్‌నోవాలు, కెమెరా లోపాలు. కొత్తగా చేరిన రోజుల్లో ఒక రాత్రి నాకు చక్కటి చుక్క దొరికింది. సరైన చోటు, సరైన వెలుగు. ఆత్రంగా ప్రకటన ముసాయిదా కూడా రాసేశాను. పంపే ముందు ఒక సీనియర్ అక్క ఒకే మాట అడిగింది: "అరగంట తర్వాతి ఫొటో చూసినవా?" చూశాను. చుక్క పక్కకు జరిగింది. గ్రహశకలం. జాబితాలో పేరూ ఊరూ అన్నీ ఉన్నాయి, నేనే వెతకలేదు. ఆ ముసాయిదా ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇట్లా పొరపడింది నేనొక్కడినే కాదులెండి. జీఎన్-జెడ్11 అనే అతి దూరపు గెలాక్సీ దగ్గర 2017లో ఒక మెరుపు నమోదైంది. అది జీఆర్‌బీకి సంబంధించినదే కావచ్చని పేరున్న పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత లెక్క తీస్తే అది ఎండ పడి మెరిసిన రష్యన్ రాకెట్ ముక్క అని తేలింది.

అపోహ: పెద్ద టెలిస్కోప్ ఉన్నవాళ్లదే ఈ ఆట.

2017 ఆగస్టు 17 సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు, మన టైములో. వరంగల్‌లో ఇంకా పొద్దు గుంకలేదు. ఆ నిమిషంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయినప్పటి గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలంలో లేచిన అలలు, వాటిని పట్టడానికే అమెరికాలో కట్టిన లైగోకు అందాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మికి చిన్న జీఆర్‌బీ అందింది. ఎక్కడ వెతకాలో చెప్పే కచ్చితమైన మ్యాప్ వచ్చేసరికి మనకు రాత్రి పదకొండు దాటింది. ఆ గెలాక్సీ ఎన్‌జీసీ 4993 అప్పటికే మన దిక్కున అస్తమించింది. చిలీలో చీకటి పడే దాకా అందరూ ఆగాల్సి వచ్చింది. ముందుగా దాన్ని పట్టింది ఎనిమిది మీటర్ల అద్దం ఉన్న రాక్షసి కాదు, లాస్ కాంపానాస్‌లోని స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోప్. వాళ్లు ఆకాశమంతా గాలించలేదు. మ్యాప్ లోపల, సరైన దూరంలో ఉన్న గెలాక్సీల జాబితా వేసుకుని ఒక్కొక్కటే ఫొటో తీశారు. గంటా అటూ ఇటూగా ఇంకొన్ని బృందాలకూ అదే దొరికింది. చుక్క పదిహేడో మాగ్నిట్యూడ్, దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. మా లెక్కలో అది పక్కింటి దూరం.

అక్కడ మొదట కనబడింది ఆఫ్టర్‌గ్లో కాదు, కిలోనోవా. ఢీకొన్నప్పుడు చిమ్మిన పదార్థంలో బరువైన రేడియోధార్మిక మూలకాలు పుట్టి, క్షీణిస్తూ వెలుగుతాయి. మొదటి రోజు నీలంగా, కొద్ది రోజుల్లోనే ఎర్రగా మారింది. ఆ రంగు మారే తీరే దాని సంతకం. పెద్ద టెలిస్కోప్‌లు అవసరమే, కాదనను. చుక్క దొరికాక దాని వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పటం) తీయడానికి, వారం తర్వాత మసకబారినా వెంటపడటానికి.

అపోహ: ఏమీ దొరకకపోతే ఆ రాత్రి దండగ.

ఇది మా బాపు మాట. "రాత్రంత కూసొని ఏం కనవడలేదని రాసిస్తవా? గిది గూడ నౌకరేనా బిడ్డా?" అని అడిగాడు. నౌకరే బాపూ. మేం "ఏం లేదు" అని ఊరికే రాయం. ఫలానా టైముకు, ఫలానా చోట, ఇరవై రెండో మాగ్నిట్యూడ్ కన్నా ప్రకాశంగా ఏదీ లేదు అని రాస్తాం. దీన్ని అప్పర్ లిమిట్ అంటారు. జీసీఎన్ సర్క్యులర్ అనే చిన్న ప్రకటనగా అందరికీ పంపుతాం. అది చదివి, మాకన్నా లోతుగా చూడగలవాళ్లు రంగంలోకి దిగుతారు. అక్కడ వాయువు ఎంత పలుచగా ఉండి ఉంటుందో సిద్ధాంతం వాళ్లు లెక్క కడతారు.

2005ను చూడండి. మే 9న స్విఫ్ట్‌కు ఒక చిన్న జీఆర్‌బీ తగిలింది. మొదటిసారి చిన్న విస్ఫోటానికి ఎక్స్‌రే ఆఫ్టర్‌గ్లో దొరికింది. ఆప్టికల్‌లో, అంటే మామూలు కాంతిలో, ఎంత వెతికినా ఏమీ లేదు. జులై 9న హెటీ-2 ఉపగ్రహం పట్టిన ఇంకోదానికి, చిలీలోని లా సియాలో 1.5 మీటర్ల డేనిష్ టెలిస్కోప్‌తో, మొట్టమొదటి ఆప్టికల్ ఆఫ్టర్‌గ్లో దొరికింది. రెండింటిలోనూ రోజుల తరబడి కాచుకున్నా సూపర్‌నోవా పైకి రాలేదు. చిన్న జీఆర్‌బీలు కూలిపోయే భారీ నక్షత్రాలవి కావని గట్టిగా అనగలిగింది ఆ "రాలేదు" వల్లే. 2004 నవంబరు నుంచి 2015 మార్చి దాకా వెంటనే వెంటపడిన 103 చిన్న జీఆర్‌బీలను ఒక చోట చేర్చిన లెక్క ఉంది. ఎక్స్‌రేలో దొరికినవి 71. ఆప్టికల్, దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌లో 30. రేడియోలో 4. ఆప్టికల్‌లో పదింట ఏడు సార్లు వట్టి చేతులే అన్నమాట. బాపు ఇంకా నమ్మలేదు, అది వేరే సంగతి.

అపోహ: రెండు సెకన్లలోపైతే న్యూట్రాన్ నక్షత్రాలు, దాటితే భారీ నక్షత్రం.

పాఠ్యపుస్తకంలో ఇట్లాగే ఉంటుంది. 1993లో ఈ గీత గీసినప్పుడు అది గణాంకాల గీత మాత్రమే. 2020 ఆగస్టు 26 నాటి విస్ఫోటం ఒక సెకను ఉంది, చూస్తే భారీ నక్షత్రం కూలినది. 2021 డిసెంబరు 11 నాటిది యాభై సెకన్ల దాకా సాగింది, దాని వెనుక కిలోనోవా కనబడింది. దాన్ని వెంటాడిన వాటిలో నైనిటాల్ దగ్గరి దేవస్థల్ 3.6 మీటర్ల టెలిస్కోప్ కూడా ఉంది. ఇవి చాలవన్నట్టు, పక్క గెలాక్సీల్లోని మాగ్నెటార్ల (విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న న్యూట్రాన్ నక్షత్రాల) మెరుపులు కూడా చిన్న జీఆర్‌బీల వేషంలో వస్తుంటాయి. గడియారం చెప్పలేనిది చుక్క చెబుతుంది. మా కొలువు నిలబడింది అందుకే.

అపోహ: మన ఒంటి మీది బంగారమంతా ఇట్లాగే పుట్టిందని తేలిపోయింది.

తేలలేదు. మేడారంలో బంగారం అంటే బెల్లం అయినట్టు, వార్తల్లో బంగారం అంటే "బరువైన మూలకాలు" అని అర్థం చేసుకోవాలి. 2017 కిలోనోవా వర్ణపటంలో గుర్తించింది స్ట్రాన్షియం. 2023 మార్చి 7 నాటి విస్ఫోటంలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు టెల్లూరియం జాడ కనబడింది. అదే ప్రక్రియలో బంగారం కూడా పుట్టి తీరాలని సిద్ధాంతం, దాన్ని కాదనేవాళ్లు తక్కువ. కానీ బంగారం గీతను వర్ణపటంలో వేలు పెట్టి చూపించినవాళ్లు లేరు. మొత్తం బంగారంలో వీటి వాటా ఎంత, వేరే దారుల వాటా ఎంత అన్నది ఇంకా తెగని పంచాయితీ.

అపోహ: జీఆర్‌బీ మన మీద పడితే?

2017 నాటిదే చాలా దగ్గరిది, అదీ 13 కోట్ల కాంతి సంవత్సరాలు. పడుకోండి.

అపోహ: ఇదంతా అమెరికా, చిలీ వాళ్ల పని.

భూమి తిరుగుతుంది కాబట్టి ఎవరికో ఒకరికి ఎప్పుడూ పగలే. చిలీకి తెల్లారిన వేళ మనకు రాత్రి పడుతుంది. తూర్పున ఆస్ట్రేలియాకూ పడమట యూరప్, ఆఫ్రికాలకూ మధ్య ఆ వెలుగు తగ్గే తీరును పట్టాల్సింది మనమే. దేవస్థల్ వానాకాలం మూసి ఉంటుంది, హాన్లే వాననీడలో ఉండటంతో కొంత మేలు. 2017 విస్ఫోటం రేడియో ఆఫ్టర్‌గ్లోను పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ వెంటాడింది. మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌కు మాత్రం ఆ క్షణంలో భూమే అడ్డం వచ్చింది. లైగో-ఇండియాకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం దొరికింది. అది కట్టేది ఎక్కడో కాదు, హింగోలి జిల్లా ఔంఢాలో, మన నిజామాబాద్ నుంచి నాందేడ్ దాటి పోతే వస్తుంది. ఆ చెవి కూడా తోడైతే, నేను గాలించాల్సిన చందమామలు చాలా తగ్గుతాయి.

కాలేజీలో చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "సార్, టెలిస్కోప్ లేకుండా మేం మొదలు పెట్టొచ్చా?" నా దగ్గరా టెలిస్కోప్ లేదమ్మా, ల్యాప్‌టాప్ ఉంది. జీసీఎన్ సర్క్యులర్లు ఎవరైనా చదవొచ్చు. పాన్-స్టార్స్ సర్వే ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి. కొంచెం పైథాన్ నేర్చుకుని ఏదైనా పాత సూపర్‌నోవా ఫొటో తీసుకుని, పాత సర్వే ఫొటోను దానిలోంచి తీసివేసి చూడు. మొదటిసారి నీకు మిగిలేవన్నీ దొంగ చుక్కలే. ఒక్కొక్కటీ ఎందుకు దొంగదో రాసి పంపమని చెప్పాను. నిన్న పదకొండు వచ్చాయి. అందులో ఒకటి నాకూ అర్థం కాలేదు, చూస్తున్నాను.